కెల్ప్ కోవ్‌లో ఎవరూ చావని శీతాకాలం

కెల్ప్ కోవ్, నోవా స్కోషియా
అక్టోబరు 6, 1997

ఫెర్నూ,

ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యకు. ఫోను వంటింటి గోడకి ఉంది, దాని కిందే మీ మామయ్య కుర్చీ. కళ్ళు పోయినప్పటినుంచీ ఆ మనిషికి చెవులు రెండింతలయ్యాయి. అవతలివాళ్ళు ఊపిరి పీల్చినా ఎవరో చెప్పేస్తాడు.

రెండో సంగతి. ఇప్పుడు రాస్తున్న ఈ ముక్కలు నేను చదువుకోలేను. చేతిరాత బాగాలేక కాదు. కిందటి నెల ఒకరోజు పొద్దున్న కాఫీ పెట్టుకుని మన వారపత్రిక విప్పితే, అక్షరాలన్నీ పరాయి దేశం అక్షరాల్లా కనిపించాయి. నల్లగా, స్పష్టంగా, వరుసగానే ఉన్నాయి. ఒక్కటీ ఏమిటో తెలియలేదు. కళ్ళద్దాలు తుడిచాను. మీ మామయ్య పాత కళ్ళద్దాలు సొరుగులో ఉంటే అవీ పెట్టుకున్నాను. పేపరు తలకిందులుగా పట్టుకున్నానేమో అని తిప్పి కూడా చూశాను. నవ్వకు.

పోస్టాఫీసు విల్డా తన కారులో బ్రిడ్జ్‌వాటర్ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తల వెనక, ఎడమపక్క, చిన్న రక్తనాళం మూసుకుపోయిందట. కుడిపక్క సగం కనిపించదు, అందుకే ప్రతి తలుపుకీ భుజం కొట్టుకుంటున్నాను. మాట బాగుంది, చెయ్యి బాగుంది. "అదృష్టవంతురాలివమ్మా" అన్నాడు డాక్టరు. ఆ అదృష్టంతోనే సరుకుల చీటీ రాసుకుని కొట్టుకెళ్ళాను. అక్కడ చీటీ తీసి చూస్తే నా రాత నాకే అర్థం కాలేదు. శనివారం వండే బీన్స్‌లోకి మొలాసిస్ పాకం లేకుండా ఇంటికొచ్చాను.

మీ మామయ్యకి రక్తపోటని చెప్పాను. అసలు సంగతి చెప్పలేదు. చెప్పలేను కూడా. ఆయన కళ్ళు పోయిన ఏడాది నీకు గుర్తుందో లేదో. పడవ అమ్మేసి, ఆ కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చుని, తిండి కూడా అడిగేవాడు కాదు. ఒకరోజు విసుగొచ్చి పక్కన కూర్చుని పేపరు గట్టిగా చదవడం మొదలుపెట్టాను. అప్పుడు ఇటు తిరిగాడు. ఈ ఇరవై ఏళ్ళలో ఏ సాయంత్రమూ మానలేదు. అంధుల సంఘంవాళ్ళు క్యాసెట్లు పంపిస్తామంటే, "అద్దె గొంతు నాకొద్దు" అని తిప్పి పంపాడు. ఇప్పుడు నాకూ చదువు పోయిందంటే ఆయన మళ్ళీ గోడవైపే తిరుగుతాడు. ఆ భయంతోనే రోజూ పేపరు పట్టుకుని కూర్చుని, తోచింది చెబుతున్నాను.

పొయ్యి మీద పాలు పొంగితే లేచాను. ఎక్కడిదాకా రాశానో ఇప్పుడు తెలియదు. మీ మామయ్యకి రక్తపోటని చెప్పాను. ఇది ఇందాకే రాశానేమో.

బుర్రలో చదువు ఎక్కడుంటుందో వెతకడమే కదా నీ ఉద్యోగం. నాది ఎక్కడికి పోయిందో చెప్పు. తిరిగి వస్తుందా, రాదా? ఉన్నదున్నట్టు చెప్పు. జవాబు పోస్టాఫీసు చిరునామాకి రాయి, విల్డా కౌంటరు వెనక కూర్చోబెట్టి చదివి వినిపిస్తానంది. దాని నోట్లో నువ్వుగింజ నానదని నాకూ తెలుసు. కానీ ఊరు మొత్తానికి నాకు మిగిలిన కళ్ళు అవే.

మీ అత్త
రోవీనా

*

మాంట్రియల్
అక్టోబరు 15, 1997

రోవీనా అత్తా,

ముందు విల్డా గారికి. విల్డా గారూ, తలుపు బోర్డు 'మూసి ఉంది' వైపు తిప్పారా? తిప్పండి. నెమ్మదిగా చదవండి. మధ్యలో మీ సొంత వ్యాఖ్యానం వద్దు. ఈ మేలు నేను మరిచిపోను.

అత్తా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పాలు పొంగిన చోట తప్ప ఎక్కడా తడబాటు లేదు. రాత అంతా నీలోనే ఉంది, అది ఎక్కడికీ పోలేదు.

మనిషి మాట్లాడే బుర్రతో పుడతాడు. చదివే బుర్రతో ఎవరూ పుట్టరు. మనకి చదువు నేర్పేటప్పుడు, ముఖాల్నీ వస్తువుల్నీ గుర్తుపట్టే చోటులో కొంత తీసి అక్షరాలకి అప్పగిస్తుంది బుర్ర. అది దాదాపు అందరికీ ఒకే చోట, ఎడమ చెవికి వెనకగా ఉంటుంది. నీ కళ్ళు చూసిన అక్షరం అక్కడికి చేరడంలేదు. చేరాల్సిన చోటు చెడిపోయిందా, దారి మాత్రమే తెగిందా అన్నది ఇక్కడ బుర్ర బొమ్మలు తీసే యంత్రంలో చూస్తే గానీ చెప్పలేను. రాయడం వేరే దారి, చేతికి తెలిసిన దారి. అందుకే నువ్వు రాయగలవు, రాసింది చదవలేవు. ఇలాంటివాళ్ళు నీకంటే ముందూ ఉన్నారు. నీకు మతి పోలేదు.

డిసెంబరులో రా. రైలు టికెట్టు నేను పంపిస్తాను. మామయ్యకి నేను ఇల్లు మారుతున్నానని, కర్టెన్లు కుట్టడానికి నువ్వు కావాలని చెప్పు. (విల్డా గారూ, మామయ్య భోజనం మీ పూచీ. ఉప్పు చేప రోజూ పెట్టకండి.)

ఇంకొక మాట నీకు ఎప్పుడూ చెప్పలేదు. మామయ్య కళ్ళు పోయిన వేసవి నాకు పన్నెండేళ్ళు, మీ ఇంట్లోనే ఉన్నాను. నువ్వు చదువుతుంటే బల్ల కింద పడుకుని వినేదాన్ని. కాగితం మీద నల్ల గీతలు నీ కళ్ళలోకి వెళ్ళి నీ నోట్లోంచి బయటికొచ్చి మామయ్యని ఎలా నవ్విస్తున్నాయో అర్థంకాక బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఇప్పటికీ అదే కొట్టుకుంటున్నాను, కాకపోతే దానికి జీతం ఇస్తున్నారు. నీకు ఎంత రుణపడ్డానో నాకు తెలుసు. ఏదో ఒకటి చేస్తాను అత్తా.

నీ
ఫెర్న్

*

కెల్ప్ కోవ్
నవంబరు 9, 1997

ఫెర్నూ,

నీ ఉత్తరం విల్డా చదివింది. వ్యాఖ్యానం వద్దన్నావుగా, చేయలేదు. కానీ 'రుణపడ్డాను' దగ్గరికొచ్చేసరికి ముక్కు చీదుకోవడం మొదలుపెట్టింది. బయట నలుగురు స్టాంపుల కోసం నిలబడి తలుపు బాదుతున్నారు. "ఏం విల్డా, లోపల ఎవరు పోయారు?" అని అరిచాడొకడు.

టికెట్టు పంపు, వస్తాను. పడవలన్నీ లాబ్‌స్టర్ బోనులతో సముద్రంలోకి వెళ్ళే రోజు దాటాక వస్తాను. ఆ రోజు మాత్రం మీ మామయ్యని రేవుకి తీసుకెళ్ళాలి, ఇంజన్ చప్పుడు విని ఎవరి పడవో చెబుతాడు.

సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయో నువ్వు అడక్కపోయినా, సిగ్గు లేకుండా చెబుతాను. నాకు అబద్ధమాడటం బాగా అబ్బింది. మొదటి వారం మాటమాటకీ తడబడ్డాను. ఇప్పుడు పేపరు విప్పి, ఎప్పటిలాగే ఒక చెయ్యి ఆయన ముంజేతి మీద వేసి, అసలు అక్షరాలు ఒకసారి గట్టిగా చూస్తాను, ఇవాళైనా లొంగుతాయేమో అని. లొంగవు. ఇక మొదలుపెడతాను. చర్చిలో విందు అంటాను, ఎవరో గుమ్మడికాయకి బహుమతి వచ్చిందంటాను. కౌన్సిల్‌లో రోడ్డు గురించి తగువు ఎలాగూ ఉంటుంది, అది కల్పించక్కర్లేదు. ఒకసారి ఒక దుప్పి బ్యాంకులోకి దూరిందని చెప్పాను. "ఏ బ్యాంకు?" అన్నాడు మీ మామయ్య. చచ్చాననుకున్నాను. "రాయలేదు" అన్నాను. "రాయాల్సింది" అన్నాడు.

చావువార్తల పేజీతోనే చిక్కు. నీకు తెలుసుగా, ఇక్కడ ఎవరైనా ముందు చదివేది అదే. బతికున్నవాణ్ణి నా నోటితో ఎలా చంపను? "ఈ వారం ఎవరూ లేరు" అంటాను. "మంచిది" అంటాడు ఆయన.

పేపరు అయిపోయిన రోజుల్లో నవల. తిమింగలాల వేటకి వెళ్ళిన కెప్టెన్ కథ, సగంలో ఉండగా నాకు ఇలా అయింది. మిగతా సగం నేనే నడుపుతున్నాను. కెప్టెన్ ఒక దీవిలో దిగి వితంతువుని పెళ్ళాడి రొట్టెల దుకాణం పెట్టాడు. నాకు సముద్రం గురించి తెలియకపోవచ్చుగానీ రొట్టెల గురించి తెలుసు. మీ మామయ్య శ్రద్ధగా వింటున్నాడు.

అంతా విని పడుకున్నాక నాకు ఏడుపొస్తుంది. త్వరగా బాగుచెయ్యమ్మా.

అత్త

*

మాంట్రియల్
జనవరి 12, 1998

ప్రియమైన అత్తకి,

డిసెంబరులో నువ్వు వచ్చి వెళ్ళినప్పటినుంచీ నీ పరీక్షల ఫలితాలన్నీ జాగ్రత్తగా పరిశీలించాం. నేనొక్కదాన్నే కాదు, మా విభాగంలో మరో ఇద్దరు విడివిడిగా చూశారు.

ముందు మంచి మాట. మా యంత్రంలో ఇంతవరకూ నీ అంత కదలకుండా పడుకున్నవాళ్ళు లేరు. వేలు కూడా కదిలితే బొమ్మ చెడిపోతుందని చేతుల పక్కన దిళ్ళు పెట్టి పట్టీ కట్టాం కదా, నీకు ఆ పట్టీ అవసరమే లేకపోయిందని మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. అంత స్పష్టమైన బొమ్మలు మాకు అరుదు.

ఆ బొమ్మల్లో, ముఖాలు చూపించినప్పుడు, పడవలు, చెట్లు చూపించినప్పుడు, నీ బుర్ర పనిచేయాల్సినట్టే పనిచేసింది. మాటలు వినిపించినప్పుడు కూడా. అక్షరాలు చూపించినప్పుడు మాత్రం ఆ చోటు నిశ్శబ్దంగా ఉండిపోయింది. బల్ల దగ్గర, చేతులు ఒళ్ళో పెట్టుకోమని చేసిన పరీక్షల్లోనూ అంతే. ఒక్క మాట కూడా రాలేదు.

ఉన్నదున్నట్టు చెప్పమన్నావు. చదువు తిరిగి వస్తుందని నేను చెప్పలేను. నాలుగు నెలలు దాటాయి, మొదట్లో రాని మార్పు ఇకపై వచ్చే అవకాశం తక్కువ.

మామయ్యకి చెప్పెయ్యమని నా సలహా. క్యాసెట్ల విషయం మళ్ళీ ఆలోచించండి. ఇంతకంటే మంచి ఉత్తరం రాయాలని చాలా కాగితాలు చింపాను.

ఫెర్న్

*

కెల్ప్ కోవ్
ఫిబ్రవరి 1, 1998

ఫెర్న్,

ఉత్తరం అందింది. విల్డా చదివింది. రైలు టికెట్టుకీ, నీ ఇంట్లో ఆతిథ్యానికీ థాంక్స్.

మీ మామయ్యకి చెప్పను. క్యాసెట్లు వద్దు.

అమోస్ గుర్తున్నాడా? లాక్‌పోర్ట్ మనిషి, మీ మామయ్య కుర్రతనంలో ఒకే డోరీ పడవలో ఇద్దరూ చేపలకి వెళ్ళేవాళ్ళు. పొగమంచులో రాత్రంతా దారి తప్పినప్పుడు మీ మామయ్యని నిద్రపోనీయకుండా పాటలు పాడింది అతనే. అతను జనవరిలో పోయాడు. సమాధి కూడా అయిపోయింది. నిన్న పాస్టరు గారు వచ్చి, "మీరు వస్తారనుకున్నాను ఎల్డన్, పేపర్లో పడిందిగా" అన్నారు. నేను గిన్నె తుడుస్తూ నిలబడ్డాను. ఆ పేపరు నా చేతుల్లోనే ఉంది, ఫెర్న్. ఆ వారం కూడా ఎవరూ లేరని చెప్పాను.

మీ మామయ్య చేతిలోని కప్పు తడుముకుని బల్ల మీద పెట్టాడు. తరవాత, "ఆ వారం నాకు జలుబు, రోవీని చదవొద్దన్నాను" అన్నాడు. ఆ వారం ఆయనకి జలుబు లేదు. ఎందుకలా అన్నాడో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు.

ఇక రాయను కొన్నాళ్ళు. రాయడం ఒకటే వచ్చి ఏం లాభం?

రోవీనా

*

కెల్ప్ కోవ్ పోస్టాఫీసు
ఫిబ్రవరి 10, 1998

ఫెర్న్ తల్లీ,

నేను మీ ఎల్డన్ మామయ్యని. చెప్పేది నేను, రాసేది విల్డా. మీ అత్త చర్చి ఆడవాళ్ళతో దుప్పట్లు కుట్టడానికి వెళ్ళింది. నేను కర్ర పట్టుకుని కొండ దిగి ఒక్కణ్ణే వచ్చాను, మంచులో ఒకసారి పడ్డాను. ఆ సంగతి మీ అత్తకి చెప్పకు.

[రెండుసార్లు పడ్డాడు. కోటంతా మంచే. ఇంకో మాట ఫెర్నూ, వీళ్ళిద్దరి గుట్టూ నా ఒక్కదాని కడుపులో ఉంది, నాకు తిండి సయించడంలేదు. — విల్డా]

మీ అత్తకి చదువు పోయింది. నీకు తెలిసే ఉంటుంది, కర్టెన్లు కుట్టడానికి మాంట్రియల్ దాకా ఎవరూ వెళ్ళరు. నాకు అక్టోబరులోనే తెలిసింది. మా జిల్లా నిండా ముసలాళ్ళే. అలాంటిది వారం తరవాత వారం ఎవరూ చావడంలేదంటే ఏమనుకోవాలి? ఆ తిమింగలాల నవల నేను పంతొమ్మిదేళ్ళప్పుడు స్కూనరు ఓడలో పడుకుని చదివినదే. ఆ కెప్టెన్ తుఫానులో మునిగిపోతాడు. మీ అత్త చేతిలో పడ్డాక సుఖంగా రొట్టెలు కాల్చుకుంటున్నాడు.

చెప్పెయ్యాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. కానీ ఆ గొంతులో భయం వినపడేది నాకు. నాకు తెలుసంటే ఆ కాస్త ధైర్యమూ జారిపోతుందేమో, సాయంత్రం నా పక్కన కూర్చోవడమే మానేస్తుందేమో అనిపించింది. వార్తలు నిజమా అబద్ధమా అన్నది నాకెందుకమ్మా? ఆ గొంతు ఉంటే చాలు. అమోస్ సంగతి వేరు. అది మనసులో గుచ్చుకుంది, కాదనను. కానీ అంతకంటే మీ అత్త ఆ రోజునుంచీ సరిగ్గా తినకపోవడం ఎక్కువ గుచ్చుకుంటోంది.

నీకు రాస్తున్నది వేరే దాని గురించి. చదివేముందు మీ అత్త పేపరు వంక కాసేపు ఊరికే చూస్తుంది కాబోలు, మాట రాదు. ఆ చెయ్యి నా ముంజేతి మీద ఉంటుంది. అప్పుడు వేలు కదులుతుంది. మొదట్లో గోకుతోందనుకున్నాను. శ్రద్ధ పెడితే గీతలు తెలిశాయి. నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి, వంపు ఒకటి. అక్షరాలు, తల్లీ! పెద్ద అక్షరాలు, హెడ్డింగుల్లో ఉండేలాంటివి. కిందటి వారం ఆ వేలు నా చేతి మీద 'తుఫాను' అని రాసింది. అదే క్షణంలో మీ అత్త నోరు "శనివారం స్కౌట్ పిల్లల పాన్‌కేక్ విందు" అంటోంది. శనివారం తుఫాను వచ్చింది. మన పడవల షెడ్డు రేకులు లేచిపోయాయి.

ఆ వేలు ఏం చేస్తోందో మీ అత్తకి తెలియదు, ఒట్టు. దీనికి అర్థమేమిటో నువ్వు చెప్పు. నేను నోరు విప్పనా, ఊరుకోనా?

నీ మామయ్య
ఎల్డన్

*

మాంట్రియల్
ఫిబ్రవరి 17, 1998

ఎల్డన్ మామయ్యా,

నోరు విప్పు! ఈ రాత్రే విప్పు! విల్డా గారూ, ఈ రెండు మాటలూ గట్టిగా అరిచి చదవండి.

మామయ్యా, నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి గదంతా తిరిగాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. అక్షరాన్ని కంటితో గుర్తుపట్టలేనివాళ్ళలో కొందరు దాన్ని వేలితో గీస్తే గుర్తుపడతారు. రాసే చేతికి అక్షరం తెలుసు కాబట్టి. నూరేళ్ళ కిందటే డాక్టర్లు రాసిపెట్టిన సంగతి. ప్రతి ఏడూ నా విద్యార్థులకి నేనే పాఠం చెబుతాను. అలా చెప్పేదాన్నే, ఏం చేశానో తెలుసా? అత్త చేతులకి పట్టీ కట్టాను. మా పనిలో కదలిక అంటే దొంగని చూసినట్టు చూస్తాం, బొమ్మ చెడిపోతుందని. ఆ అలవాటులో బల్ల దగ్గర కూడా చేతులు ఒళ్ళో పెట్టుకోమన్నాను. అత్తకి చదువు మిగిలింది ఆ వేలి చివర. దాన్ని కట్టేసి, చదువు లేదని కాగితం రాసి పంపాను. పైగా కదలకుండా పడుకుందని మెచ్చుకున్నాను.

వేలు 'తుఫాను' అని రాసిందంటే, కళ్ళు ఆ ఆకారాల్ని చేతికి సరిగ్గానే అందిస్తున్నాయి. చేతినుంచి ఆ మాట అత్తకి తెలిసే దాకా వెళ్ళడం సాధన మీద వస్తుంది. మొదట్లో కష్టం, ఒక్కో మాటకి నిమిషాలు పడుతుంది. మునుపటిలా గడగడా చదవగలదని ఇప్పటికీ మాటివ్వలేను. కానీ నిశ్శబ్దం అని రాశానే, అది తప్పు.

నువ్వు చేయాల్సింది ఒకటే. చెయ్యి చాపు. అత్త గీసిన ప్రతి అక్షరాన్నీ పైకి చెప్పు. చెవికి వినిపించిన అక్షరాలు కలుపుకుని మాట చేసుకోవడం అత్తకి ఎప్పుడూ పోలేదు. మొదట పెద్ద అక్షరాలతోనే మొదలుపెట్టండి. ఈ కవరులో ఇంకొక కాగితం మడిచి పెట్టాను. అది మీ ఇద్దరికీ. విల్డా గారూ, అది మాత్రం మీరు విప్పకూడదు, ఎంత ప్రాణం పీకినా సరే.

అమోస్ గురించి విని బాధపడ్డాను. అత్తని నువ్వు పాస్టరు గారి ముందు కాపాడిన సంగతి ఆవిడే రాసింది. అది నువ్వు తెలిసి చేశావని ఆవిడకి ఇంకా తెలియదు. నీలాంటి మనిషి దగ్గర పెరిగినందుకు నాకెంత గర్వమో చెప్పలేను.

నీ
ఫెర్న్

*

కెల్ప్ కోవ్
మార్చి 4, 1998

ఫెర్నూ, నా తల్లీ,

ఇది ఇంటినుంచే రాస్తున్నాను, మీ మామయ్య ఎదురుగా కూర్చుని ఉండగానే. ఇకపై ఉత్తరాలు ఇంటికే రాయి. విల్డాకి కోపం వచ్చింది. "ఇన్నాళ్ళూ నన్ను వాడుకుని ఇప్పుడు నాకు మిగిలింది స్టాంపులా?" అంది. ఆదివారం భోజనానికి పిలిచాను, వస్తానంది, కోపం మాత్రం దింపుకోలేదు.

జరిగింది చెబుతాను. ఆ రోజు పేపరు విప్పాను, చెయ్యి ఎప్పటిలాగే ఆయన చేతి మీద వేశాను. ఇంకా నోరు తెరవలేదు. ఆయన ఒక్కొక్క అక్షరం పైకి చెప్పి, "వంతెన" అన్నాడు. "ఏం వంతెన?" అన్నాను. "నన్నడుగుతావేం, నీ వేలు రాసింది, నేను చదివాను. రోవీ, నాకు అక్టోబరునుంచీ తెలుసు" అన్నాడు.

నేను లేచి గిన్నెల గుడ్డ ఆయన మొహాన కొట్టాను. "ఇన్ని నెలలు నన్ను ఆటాడించావా?" అన్నాను. "దుప్పిని బ్యాంకులోకి తోలిందెవరు?" అన్నాడు. నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. వసారాలోకి వెళ్ళి చలిలో నిలబడ్డాను. గోడ తడుముకుంటూ నా కోటు పట్టుకొచ్చాడు. అమోస్ గురించి క్షమించమని అడిగాను. "వేసవిలో ఇద్దరం లాక్‌పోర్ట్ వెళ్దాం, సమాధి మీద పేరు నువ్వు నా చేతి మీద రాయి, అప్పుడు ఒప్పుకుంటాను పోయాడని" అన్నాడు. ఇద్దరం అక్కడే చాలాసేపు నిలబడ్డాం. ఆయన గోడవైపు తిరగలేదు ఫెర్నూ. నేను ఇన్ని నెలలు ఏ భయంతో చచ్చానో అది జరగలేదు.

అప్పటినుంచీ రోజూ చేస్తున్నాం. హెడ్డింగులే, అవి కూడా కొన్నే. నా వేలు తొందరపడితే ఆయన "నేనేమన్నా పలకనా, నెమ్మది" అంటాడు. చక్కిలిగింత పుట్టి ఆయన చెయ్యి లాక్కుంటే నేను మళ్ళీ మొదటినుంచీ గీయాలి. వారం తిరిగేసరికి కొన్ని చిన్న మాటలు ఆయన చెప్పకముందే నాకే తెలుస్తున్నాయి. వేలు నా గౌను మీద గీసుకున్నా తెలుస్తున్నాయి. అలా తెలిసిన మొదటి మాట 'పాలు'. పాల డబ్బా పట్టుకుని వంటింట్లో ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

నువ్వు తప్పు చేశానని మామయ్యకి రాసిందంతా ఆయన అప్పజెప్పాడు. పిచ్చిదానా, ఆ రోజు నువ్వు పట్టీ కట్టకపోతే నేను భయంతో ఆ గొట్టంలోంచి దూకి పారిపోయేదాన్ని. నువ్వు అబద్ధం చెప్పలేదు, నాకు అదే కావాలి. చేతగాని కోపంతో నీకు అంత ముక్తసరిగా రాసినందుకు నన్ను ఏమీ అనకు.

ఇక నువ్వు మడిచి పెట్టిన కాగితం. నిన్న సాయంత్రం భోజనం బల్ల ఎత్తేశాక దీపం దగ్గరికి జరిగి కూర్చున్నాం. ఆయన చొక్కా చెయ్యి మోచేతిదాకా మడిచాడు. నువ్వు అంతంత పెద్ద అక్షరాలు రాశావు గనక సరిపోయింది. నేను చూసింది చూసినట్టు గీశాను. అదేమిటో నాకు తెలియదు. ఆయన ఒక్కో అక్షరం చెప్పి, కలిపి, ఒక్కో మాట చేశాడు. 'నాకు' వచ్చింది. కాసేపటికి 'చదువు' వచ్చింది. ఆ తరవాత మాట పొడుగుది, ఆయన చెయ్యి మొద్దుబారి, రెండోచేతికి మార్చుకున్నాం. టీ చల్లారిపోయింది. చివరికి మొత్తం ఒకసారి కలిపి చదివాడు.

"నాకు చదువు నేర్పింది మీ గొంతులే. థాంక్స్. ఫెర్న్."

ఇరవై ఏళ్ళు ఈ బల్ల దగ్గర నేను చదివితే ఆయన విన్నాడు. ఆయన చదవగా నేను వినడం ఇదే మొదలు. ఆయన గొంతు అంత బాగుంటుందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. మళ్ళీ చదవమన్నాను, చదివాడు. ఇంకోసారి చదవమన్నాను. "ముసలిదానా, కంఠతా వచ్చేసిందిగా" అంటూనే మళ్ళీ చెయ్యి చాపాడు, నేను మళ్ళీ మొదటి అక్షరంనుంచీ గీశాను.

ఇవాళ పేపరొచ్చింది. చొక్కా చెయ్యి మడిచి కూర్చుని పిలుస్తున్నాడు. వెళ్ళాలి.

మీ అత్త
రోవీనా